జూన్‌లో మా దగ్గర యుకులేలే కొన్నవాళ్లకి

నమస్కారం. ఈ జూన్‌లో మా విశాఖ షాపులో పద్దెనిమిది వందల రూపాయల రంగు యుకులేలే కొన్నారా? అయితే ముందు దాన్ని తీసి ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో శృతి చూపించే ట్యూనర్ యాప్ పెట్టుకుని నాలుగు తీగలూ శృతి చేయండి. తర్వాత కింద నుంచి రెండో తీగని తల వైపు నుంచి మొదటి మెట్టు మీద నొక్కి మీటండి. ట్యూనర్‌లో ఎఫ్ అని వచ్చి ముల్లు మధ్యలో నిలబడాలి. అది కుడివైపుకి బాగా జరిగిపోతే లోపం వాయిద్యంలోనే ఉంది, మీ పిల్లల వేళ్లలో కాదు.

తీగలు తల దగ్గర ఒక చిన్న పట్టీ మీంచి వస్తాయి, దాన్నే నట్ అంటాం. ఆ సరుకులో నట్ మీద తీగలు కూర్చునే గాళ్లు తగినంత లోతుగా కోయలేదు. దాంతో తీగ మెట్టుకి మరీ ఎత్తులో ఉండిపోయింది. నొక్కేటప్పుడు అది సాగి శృతి పెరుగుతుంది, వేలు కూడా నొప్పి పెడుతుంది. సి కార్డ్ (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) బాగానే పలుకుతుంది, ఎందుకంటే అందులో నొక్కేది మూడో మెట్టు మీద, అక్కడ తేడా అంతగా తెలియదు. ఎఫ్ కార్డ్‌లో మొదటి మెట్టు నొక్కాలి, అక్కడికి వచ్చేసరికి చెవికి గుచ్చుకుంటుంది.

ఇది కనిపెట్టింది నేను కాదు. తల్లిదండ్రులు వచ్చి "మావాడికి పట్టుబడటం లేదండీ" అన్నప్పుడల్లా, కొత్త తీగలు కదా, వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి, ప్రాక్టీస్ చేయించండి అని పంపేశాను. తీగలు సాగే మాట నిజమే. కానీ అదే జవాబు ఎనిమిది మందికి చెప్పాను, ఒక్కసారి కూడా వాయిద్యం చేతిలోకి తీసుకుని చూడలేదు. ఆ తప్పు నాది, క్షమించండి. చివరికి ఒక వీణ టీచర్ గారు మనవడి యుకులేలే పట్టుకొచ్చారు. కౌంటర్ మీదే ఒక్కో మెట్టూ నొక్కుతూ మీటి, "మొదటి మెట్టు ఎక్కువ పలుకుతోంది బాబూ, మీకు వినపడటం లేదా?" అన్నారు. ఆవిడ వాయించేది వీణే, యుకులేలే ముట్టుకోవడం అదే మొదటిసారట.

సన్నని ఆకురాయితో గాళ్లు లోతు చేస్తే సరిపోతుంది, పావుగంట పని. తీసుకురండి, ఉచితంగా చేసి ఇస్తాం, బిల్లు అక్కర్లేదు. వేరేది కావాలంటే మీరిచ్చిన మొత్తం అందులో తగ్గిస్తాం. ఆ మోడల్ తెప్పించడం మానేశాను. ఇక మా దగ్గర అన్నిటికన్నా తక్కువది మూడు వేల రెండు వందలు. మెట్లూ గాళ్లూ చూడకుండా ఏదీ అల్మరాలోకి వెళ్లదు. ఆన్‌లైన్‌లో ఇంతకన్నా చవగ్గా దొరుకుతాయి, ఆ ధరకి నేను ఇవ్వలేను.

ఇంకో మాట కూడా మార్చుకుంటున్నాను. ఇన్నాళ్లూ అందరికీ సాలిడ్ టాప్, అంటే పైపలక ఒకే చెక్కతో చేసింది, కొనమని చెప్పేవాణ్ణి. నాదం నిజంగానే బాగుంటుంది. లాభం కూడా నాకు అందులోనే ఎక్కువ. ఆదివారం సాయంత్రం మా షాపులో కూర్చుని వాయించుకునేవాళ్లు దీనికి ఒప్పుకోలేదు. బీచ్‌రోడ్డు పక్క ఫ్లాట్‌లో ఉండే ఒకాయన తన పదకొండు వేల యుకులేలే చూపించారు. రాత్రంతా ఏసీ గదిలో, పగలంతా ఉప్పుగాలి వచ్చే హాల్లో ఉంచేవారట. పైపలక మీద వెంట్రుక మందాన పగులు.

హవాయిలో పుట్టిన వాయిద్యానికి సముద్రపు గాలి ఏం చేస్తుందిలే అనుకునేవాణ్ణి. 1879లో మదీరా దీవి నుంచి హొనొలులుకి ఓడలో చేరిన వలస కూలీల్లో వడ్రంగులూ ఉన్నారు, వాళ్లు తమ ఊరి చిన్న గిటార్‌ని అక్కడి కోవా చెక్కతో చేయడంతో ఇది మొదలైంది. తేమ అక్కడా ఉంది. చెక్కని ఇలా పగలగొట్టేది తేమ ఒక్కటే కాదు, రోజూ పొడికీ తేమకీ మధ్య తిప్పడం. అందుకే మొదటి వాయిద్యంగా ఇప్పుడు ప్లై చెక్కదే చూపిస్తున్నాను. సాలిడ్ టాప్ కొంటే మూత ఉన్న గట్టి పెట్టె కూడా కొనండి, వాయించనప్పుడు అందులోనే ఉంచండి.

సైజు విషయంలోనూ ఆ ఆదివారం వాయించేవాళ్ల మాటే విన్నాను. పిల్లలకి 21 అంగుళాల సొప్రానో, పెద్దలకి 23 అంగుళాల కాన్సర్ట్ అని లెక్క కట్టి ఇచ్చేవాణ్ణి. లావు వేళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకాయన సొప్రానో మీద హాయిగా వాయిస్తున్నారు, ఎనిమిదో క్లాసు అమ్మాయి 26 అంగుళాల టెనర్ వదలడం లేదు. ఒళ్లో పెట్టుకుని చూడాల్సిందే. ఇంకా పెద్దదైన బారిటోన్‌ది మాత్రం వేరే శృతి, గిటార్ కింది నాలుగు తీగలది. యూట్యూబ్ చూసి నేర్చుకునేవాళ్లు అది తీసుకోవద్దు. దేనికైనా సరే గిటార్ స్టీల్ తీగలు ఎక్కించకండి, బ్రిడ్జి, అంటే పైపలక మీద తీగలు కట్టే చెక్క, ఊడి రావచ్చు.

ప్రతి ఆదివారం నాలుగు నుంచి ఏడు దాకా ఇద్దరు ముగ్గురు వాయించేవాళ్లు ఉంటారు. మీరు అటు తిరిగి కూర్చోండి, వాళ్లు ఒకే పాటని మూడు యుకులేలేల మీద వాయిస్తారు. చెవితోనే ఎంచుకునేలా ధర చీటీలు వెనక్కి తిప్పి ఉంటాయి. వాళ్లకి నేను కమిషన్ ఇవ్వను, అసలు ఏదీ కొనొద్దని వాళ్లు మీకు చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

జూన్ సరుకులో మొత్తం ఇరవై మూడు అమ్మాను. ఎనిమిది వెనక్కి వచ్చాయి, బాగయ్యాయి. మిగిలిన పదిహేనులో చాలావరకు నగదుకి అమ్మినవి, ఫోన్ నంబర్లు రాసుకోలేదు. మీ వీధిలో గానీ స్కూల్లో గానీ ఎవరి చేతిలోనైనా నీలం, గులాబీ రంగు యుకులేలే కనబడితే ఈ కబురు చెప్పండి.