నీళ్లు పోసిన రోజే ప్లగ్గు తీసి చూపించండి

సంపాదకులకు నమస్కారం.

మాది రాజమహేంద్రవరంలో అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. పిల్లలు ముచ్చటపడ్డారని నాలుగడుగుల అక్వేరియం కొని, దాని కింద సంప్ పెట్టించాం. సంప్ అంటే ఇంటి ముందు నేలలో తవ్వించే నీళ్ల తొట్టి కాదు, అక్వేరియం కింద చెక్క అరలో ఉండే రెండో గాజు తొట్టి. పై తొట్టి నీళ్లు డ్రెయిన్ పైపులోంచి వాటంతటవే కిందికి దిగుతాయి. అక్కడ ఫిల్టరయ్యాక మోటారు మళ్లీ పైకి పంపుతుంది.

వేసవిలో ఒక ఆదివారం అమలాపురంలో పెళ్లికి వెళ్లి రాత్రి పదింటికి తిరిగొచ్చాం. తలుపు తీయగానే కాళ్ల కింద నీళ్లు. మేం లేనప్పుడు కరెంటు పోయిందట. సంప్ పొంగి హాలంతా పారింది. చెక్క అర అడుగున ఎక్స్‌టెన్షన్ బోర్డు తడిసి ముద్దై ఉంది. మా చిన్నాడు చెప్పుల్లేకుండా అటే పరిగెడుతుంటే రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కింది ఫ్లాటు వాళ్ల సీలింగు పాడైంది. షాపతన్ని అడిగితే, ‘కరెంటు పోతే మేమేం చేస్తాం మేడమ్’ అన్నాడు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మర్నాడు టేపు పెట్టి కొలిచాను. పై తొట్టి పొడవు 120, వెడల్పు 45 సెంటీమీటర్లు. అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు కిందికి దిగినట్టే. నీళ్లు పైకి తెచ్చే పైపు మూతి నీటిలో 10 సెంటీమీటర్ల లోతున ఉంది. మోటారు ఆగగానే అదే పైపు సైఫన్ అయి, మూతి బయటపడేదాకా నీళ్లను వెనక్కి లాగేసింది. మొత్తం 54 లీటర్లు. సంప్‌లో ఖాళీ ఉన్నది 21 లీటర్లకే. మిగతా 33 లీటర్లు మా హాల్లో పారాయి.

దీనికి మందు ఆ పైపుకి నీటిమట్టానికి కాస్త కిందగా 4 మిల్లీమీటర్ల బెజ్జం. నీళ్లు కొంచెం దిగగానే బెజ్జం బయటపడి, గాలి లోపలికి పోయి సైఫన్ తెగుతుంది. ఇప్పుడు మా తొట్టిలో నీళ్లు 2 సెంటీమీటర్లే తగ్గుతాయి. అయితే ఆ బెజ్జానికి పాచి పడుతుంది. నెలకోసారి పిన్నీసుతో తీస్తున్నాను. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ వాల్వ్ ఉంటే చాలంటారు గానీ, దాని రెక్కకి జిగురు పట్టినా, చిన్న నత్త అడ్డుపడినా సరిగా మూసుకోదు. దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

సంప్ అద్దం మీద మార్కరుతో గీత కూడా గీశాను. మోటారు తిరుగుతున్నప్పుడు నీళ్లు ఆ గీత దాటకూడదు.

ఇంకో ప్రమాదం డ్రెయిన్ మూసుకుపోవడం. మాకు రెండు నెలల తర్వాత అదీ జరిగింది. తొట్టిలో పెంచే వాలిస్నేరియా అనే నీటి మొక్క ఆకు ఒకటి తెగి పైపు నోటికి చుట్టుకుంది. ఇంట్లోనే ఉన్నాం కాబట్టి సరిపోయింది. పైపుల మేస్త్రిని పిలిపించి రెండో డ్రెయిన్ వేయించాం. మొదటి దానికి గేట్ వాల్వ్ బిగించి, పైపు నిండా నీళ్లు దిగేలా తిప్పిపెట్టాం. గాలి కలవదు కాబట్టి గుటగుట శబ్దం కూడా పోయింది. రెండోది కాస్త ఎత్తుగా, మామూలప్పుడు ఖాళీగా ఉంటుంది. మొదటిది మూసుకుపోతే నీళ్లన్నీ ఇందులో పడతాయి. మోటారు పంపే నీళ్లన్నిటినీ ఇదొక్కటే మోయగలిగేంత లావుండాలి. దీనికి వాల్వ్ మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. దీని కింది చివర సంప్ నీళ్లకి పైన ఉంచాం, నీళ్లు పడితే చప్పుడు వినిపించాలని.

రెండూ మూసుకుపోతే? సంప్‌లో మోటారు ఉన్న గాజు గదిలో అది తోడగలిగే నీళ్లు 13 లీటర్లు. అవన్నీ పైకొచ్చినా మట్టం రెండున్నర సెంటీమీటర్లకి మించి పెరగదు, అంచు దాకా నాలుగు ఖాళీ ఉంది. రెండు పైపులకీ గుడ్డ కుక్కి, మోటారు గది ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడి చూశాను. పొంగలేదు. బోర్డుని గోడకి ఎత్తుగా బిగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా పెట్టించాం.

అక్వేరియం షాపుల వాళ్లకి నా విన్నపం ఒకటే. నీళ్లు పోసిన రోజే కొన్నవాళ్ల ఎదుట మోటారు ప్లగ్గు తీసి, సంప్ ఎంతవరకు నిండుతుందో చూపించండి. తర్వాత డ్రెయిన్ మూసి, పై తొట్టి ఎక్కడ ఆగుతుందో చూపించండి. అరగంట పని. రెండో డ్రెయిన్‌కి రంధ్రం గ్లాసు కోసేటప్పుడే వేయండి. తర్వాత వేయాలంటే తొట్టంతా ఖాళీ చేయాలి, మేం చేపల్ని నాలుగు రోజులు ప్లాస్టిక్ టబ్బుల్లో ఉంచాల్సొచ్చింది. టఫెన్డ్ గ్లాసైతే తర్వాత రంధ్రం వేయడమే కుదరదు, పగిలిపోతుంది.

- ఒక లెక్కల ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం