సున్నం నానడానికీ టెండర్‌లో గడువు ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల మీద గత శతాబ్దంలో వేసిన సిమెంటు పూతను ఒలిచేసి, మళ్లీ గానుగలో రుబ్బిన డంగు సున్నం వేయించిన రాష్ట్రం మనది. 2013 వానలకు కొంత కూలిపోయిన అక్కడి పెద్ద మెట్లబావి బడీ బావోలీనీ పాత పద్ధతిలోనే నిలబెట్టుకున్నాం. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఆ శ్రద్ధ జిల్లాల్లోని చిన్న గుళ్లకు, గడీలకు, ఊరి బావులకు చేరడం లేదన్నదే నా బాధ.

మా జిల్లాలో ఒక పాత గడీకి కొన్నేళ్ల కిందట రిపేర్లు చేశారు. కాగితం మీద సున్నం, గోడ మీద సిమెంటు. ఇప్పుడు ఆ అతుకు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ ఉన్న ఇటుకను మాత్రం వేలితో గీరితే ఎర్రటి పొడి రాలుతోంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు అడ్డుపడితే ఇటుకలోకి మళ్లుతుంది. నీటితో వచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని ఇటుకను లోపల్నుంచి పిండి చేస్తుంది. సున్నం ఇటుక కంటే మెత్తన కాబట్టి గోడ కాస్త కదిలినా పగులు జాయింటులోనే వస్తుంది, మళ్లీ పూడ్చుకోవచ్చు. సిమెంటు పెడితే పగిలేది ఇటుకే.

తప్పంతా కాంట్రాక్టరుదే అనలేను. బట్టీలో కాల్చిన సున్నం వారాల తరబడి నీళ్లలో నానాలి. నానని పలుకు ఒక్కటి మిగిలినా, తర్వాత చెమ్మ తగిలి ఉబ్బి పూతను బొబ్బలా లేపేస్తుంది. ఆపైన ఇసుక, ఇటుక పొడి వేసి గానుగలో రుబ్బాలి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. పలచగా పూతలు వేసి, తడి గోనెపట్టాలు కప్పి ఎండ నుంచి కాపాడాలి. మార్చి 31 లోపు బిల్లు పెట్టాలన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఇవన్నీ చేస్తాడా? సిమెంటు బస్తా విప్పుతాడు.

అందుకే సున్నం నానబెట్టే కాలాన్ని పని గడువులో కలపకండి. వర్క్ ఆర్డర్ ఇచ్చిన వెంటనే సున్నం తొట్టిలో పడాలి, దానికి విడిగా డబ్బు చెల్లించాలి. ముద్దలో సిమెంటు కలవలేదని ల్యాబ్‌లో తేలాకే బిల్లు పాస్ చేయాలి. సమాధుల దగ్గర చేయి తిరిగిన మేస్త్రీలను జిల్లాలకు పంపి, అక్కడి తాపీ మేస్త్రీలకు కూలి ఇచ్చి మరీ నేర్పించండి. కూలి పోగొట్టుకుని ఎవరూ నేర్చుకోరు.

కొత్త కట్టడాల్లోనూ సున్నానికి చోటుంది. స్లాబులు, పిల్లర్లు సిమెంటుతోనే వేసుకుందాం. ఒక్క అంతస్తు గోడలకు, పూతకు సున్నం సరిపోతుంది. సున్నపురాయి కాలడానికి సుమారు 900 డిగ్రీలు చాలు, సిమెంటుకు 1,450 దాకా కావాలి. పైగా గోడ గట్టిపడేటప్పుడు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంత తిరిగి పీల్చుకుంటుంది. పాత కట్టడాల పక్కన మీ శాఖ కట్టించే టికెట్ కౌంటర్లు, విశ్రాంతి గదులతోనే మొదలుపెట్టవచ్చు.

వచ్చే టెండర్ పిలవక ముందే ఈ షరతులు చేర్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
పాత కట్టడాల మీద మమకారం ఉన్న ఒక సివిల్ ఇంజనీరు