తాబేలును కాపాడిన సోదరునికి కృతజ్ఞతలు

మంథని వద్ద గోదావరి రేవులో, ఎవరో వదిలేసిన నైలాన్ వలలో చిక్కి కొట్టుకుంటున్న పెద్ద తాబేలును చూసి మేమంతా ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా, నడుములోతు నీళ్ళలోకి దిగి, దాని మెడకు బిగిసిన దారాలను ఓపికగా కోసి వదిలిపెట్టిన మత్స్యకార సోదరునికి మా వాడకట్టు తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది కాబట్టి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చనిపోతుందని, నైలాన్ వల త్వరగా కుళ్ళదు కనుక వదిలేసిన తరువాత కూడా చాలాకాలం ప్రాణాలు తీస్తూనే ఉంటుందని ఆయన చెప్పేదాకా మాలో చాలామందికి తెలియదు. శివ్వారం అభయారణ్యంలో మొసళ్ళకు ఆశ్రయమిచ్చిన ఈ నదికి, చచ్చిన చేపలను తిని నీటిని శుభ్రపరిచే తాబేళ్ళు కూడా అంతే అవసరం. పేరడిగితే నవ్వి, వలముక్కలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. అన్నా, ఈ మాట మీకు చేరితే ఒకసారి మా రేవుకు రండి. పిల్లలు మిమ్మల్ని చూడాలంటున్నారు.