800 అడుగుల ఆకాశం ఇచ్చినవారికి

ఈ సంక్రాంతి సెలవుల్లో, పెన్నా ఒడ్డున ఉన్న మా ఊళ్లో, నేను కూర్చుకున్న డ్రోన్ 800 అడుగుల ఎత్తుకు వెళ్లి క్షేమంగా దిగింది. ప్రతి అడుగుకూ అనుమతి ఉంది. అందుకు తోడ్పడినవారికి నలుగురి ముందూ నమస్కరించాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

చలికాలం తెల్లవారేసరికి మా ఊళ్లో పొయ్యిల పొగ పైకి పోదు. కొబ్బరిచెట్ల తలల దగ్గర ఆగి, దుప్పటి పరిచినట్టు అడ్డంగా సాగుతుంది. రాత్రంతా నేల చల్లబడుతుంది, నేలనంటిన గాలీ చల్లబడి బరువెక్కుతుంది, దానిపైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సిన గాలి అక్కడ వెచ్చబడుతుంది. ఆ మూత ఎంత ఎత్తు దాకా ఉందో కొలవాలన్నది చిన్నప్పటి నుంచీ నా కోరిక.

నవంబరులో 400 అడుగుల దాకా పంపి చూశాను. అక్కడా ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంది. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో ఆ ఎత్తు వరకే ముందస్తు అనుమతి అక్కర్లేదు. అది దాటితే, కింద నేల గ్రీన్ జోన్‌లోనే ఉన్నా, పైన ఆకాశం యెల్లో జోన్. ఆ గగనతలాన్ని చూసుకునే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. "పల్లెటూళ్లో ఎవరు చూస్తారు, ఎగరెయ్" అన్నవాళ్లున్నారు. ఆ మాటకు నాకు అప్పుడూ కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. జనావాసాలు లేని చోట మనుషులున్న విమానం మామూలుగానే 500 అడుగుల దాకా దిగి రావచ్చు. ఆ విమానంలో ఉన్న మనిషికి నా డ్రోన్ కనబడదు.

దరఖాస్తు పెట్టుకున్నాను. కొన్నాళ్లకు ఏటీసీ అధికారి ఒకరు స్వయంగా ఫోన్ చేశారు. ఆయనకే నా మొదటి నమస్కారం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "800 అడుగులు ఎక్కడి నుంచి?" నాకు అర్థం కాలేదు. డ్రోన్ తాను లేచిన చోటును సున్నాగా లెక్కపెడుతుంది. విమానాల వాళ్లు సముద్రమట్టం నుంచి లెక్కపెడతారు. మా పొలం సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున, అంటే 490 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. నేను రాసిన 800ను ఆయన సముద్రమట్టం నుంచి తీసుకుంటే నాకు దక్కేది మా నేల నుంచి 300 అడుగులే, దానికి అసలు అనుమతే అక్కర్లేదు. రెండు లెక్కలూ పక్కపక్కన రాయించి దరఖాస్తు సరిదిద్దించారు.

రెండో మాట ఇంకా విలువైనది. పొగమంచు పై అంచును ఫొటో తీస్తానని కూడా అందులో రాశాను. "మంచులోకి దూరిన డ్రోన్ మీ కంటికి కనిపిస్తుందా?" అని అడిగారు. కనిపించదు. కంటి చూపులో లేని డ్రోన్‌ను ఎగరేయకూడదని నాకు తెలుసు, అయినా ఫొటో మోజులో మరిచిపోయాను. దరఖాస్తును తిరస్కరించి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. "మీరు కొలిచేది మంచు లేని ఉదయం కూడా ఉంటుంది కదా, ఆకాశం తేటగా, గాలి నిలిచి ఉన్న రోజు చూసుకోండి" అన్నారు. నా ప్రయోగాన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నారు. సూర్యోదయం తర్వాత అరగంట సమయం కేటాయించారు. లేచే ముందు, దిగిన తర్వాత ఫోన్ చేయాలన్నది షరతు.

నాది రెండు కిలోల లోపు డ్రోన్, ఎగరేసేది సరదాకు. కాబట్టి రిమోట్ పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. అయినా వైమానిక దళంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన నాలుగు ఆదివారాలు నాకు నేర్పారు. గుర్తింపు సంఖ్య, బీమా పత్రాలన్నీ దగ్గర కూర్చుని చూశారు. 800 అడుగుల మీద డ్రోన్ చుక్కలా మారుతుందని, మిణుకుమనే తెల్లదీపం బిగించమని చెప్పింది ఆయనే. దిగేటప్పుడు నిలువునా వేగంగా దించితే రెక్కలు తమ గాలిలోనే చిక్కుకుంటాయని, నెమ్మదిగా, కాస్త పక్కకు జరుపుతూ దించాలని చేయి పట్టుకుని చూపించారు. రూపాయి తీసుకోలేదు.

శనగ చేను పక్కన తన కళ్లం ఇచ్చిన రైతుకు, చలిలో బైనాక్యులర్లతో ఆకాశం మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడిన నా ఇద్దరు మిత్రులకు, ముందురోజు వెళ్లి చెబితే శ్రద్ధగా విని రాసుకున్న మా పోలీసులకు ధన్యవాదాలు.

ఆ ఉదయం ఏడింటికి నేల దగ్గర 15 డిగ్రీలు. 400 అడుగుల దగ్గర 19. 560 అడుగుల దగ్గర 20. అక్కడి నుంచి నెమ్మదిగా తగ్గడం మొదలైంది. మూత దొరికింది! నా చేతులు వణికాయి, చలికి కాదు. మిత్రుడు "దీపం కనిపిస్తోంది, కనిపిస్తోంది" అని అంటూనే ఉన్నాడు. రైతు పొగ వైపు చూపిస్తూ, "నాయనా, మా తాత దీన్ని చూసే రేపు ఎండ కాస్తుందని చెప్పేవాడు" అన్నారు.

దిగాక ఏటీసీకి ఫోన్ చేశాను. "క్షేమంగా దిగిందా?" అని అడిగి, వెంటనే "ఎంత ఎత్తులో తిరిగింది ఉష్ణోగ్రత?" అన్నారాయన. ఆ కొలతల గ్రాఫు రాత్రికే ఆయనకు పంపాను. ఆయన సరిదిద్దించిన దరఖాస్తు నా దగ్గర ఉంది. 400 అడుగులు దాటాలనుకునే వారెవరైనా అడగండి, నా వివరాలు తీసేసి ఇస్తాను.