సగం రాసిన బొగ్గుబాయి చరిత్రకు అరపేజీ ఇస్తరా?

ఎడిటర్ గారికి నమస్తే,

డిసెంబర్ 23 వచ్చిందంటే మీ పేపర్ల సింగరేణి డే స్పెషల్ వస్తది. 1871ల ఇల్లందు దిక్కు విలియం కింగ్ బొగ్గు గుర్తుపట్టుడు, 1889ల తవ్వకం షురూ, 1920ల కంపెనీకి ఈ పేరు పెట్టుడు, మళ్ల ఏడాదికీ గదే, ఫొటో ఒక్కటే మారుతది. అండ్ల తప్పేం లేదు గానీ బాయి దిగినోడు ఒక్కడు కూడా కనపడడు.

మా నాన్న కోల్ ఫిల్లర్, అంటే బాయి లోపట బొగ్గు ఎత్తి టబ్బులల్ల నింపేటోడు. ఆయన పోయినంక నాలుగేండ్ల సంది రిటైర్ అయినోళ్లను అడిగి రాసుకుంటున్న. ఎవ్వరికీ చూపియ్యలే, మొత్తం అయినంక బుక్కు ఏద్దాం అనుకున్న, ఎవడన్న కొట్టేస్తడేమో అని భయం కూడా ఉండె, అబద్ధం ఎందుకు. ఈ లోపట నేను మాట్లాడినోళ్లల్ల ఇద్దరు పోయిర్రు. ఇగ ఆగలేక పోయిన నెల 14 పేజీలు జిరాక్స్ తీసి మా చౌరస్తల ఛాయ్ హోటల్ కాడ కూసునే పెద్దమనుషులకు ఇచ్చిన, కండ్లు కనపడనోళ్లకు నేనే చదివిన.

మొదటి పేజీలనే దొరికిపోయిన. "పారతో బొగ్గు ఎత్తి" అని రాసిన, ఒకాయన నవ్వి "పార ఏంది బిడ్డ, చెమ్మస్ అను, తట్ట చెమ్మస్ పట్టి టబ్బు నింపితేనే మా ఇంట్ల పొయ్యి ముట్టేది" అన్నడు. ఇంకో కాడ 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్ఈపీ అనే బాయిల నీళ్లొచ్చి 17 మంది చనిపోయింది ఒక్క లైన్‌ల రాసి ముందటికి పోయిన, ఆ లైన్ కాడ ఒక పెద్దాయన కాగితం పక్కకు పెట్టి చల్లారిన ఛాయ్ దిక్కే చూసుకుంట కూసున్నడు, నేను కూడా ఏం అడగలే. ఆ లైన్ ఎట్ల రాయాల్నో ఇప్పటికీ తెలుస్తలేదు. అందరికంటే గట్టిగ తిట్టింది మాత్రం హోటల్ నడిపే అవ్వ. "మూడు షిఫ్టుల మొగోళ్ల సంగతి రాస్తివి, తెల్లారకముందే లేసి డబ్బా కట్టి, సైరన్ మోగితే గుండె పట్టుకొని గేటు కాడికి ఉరికినోళ్ల సంగతి ఏది" అన్నది. నిజమే కదా, 1952 మైన్స్ యాక్ట్ ఆడోళ్లను బాయి లోపటికి పోవద్దన్నది, నేనేమో కథల నుంచే తీసేసిన. ఇప్పుడు నా అచ్చు కంటే పక్కన పెన్నుతోటి రాసిన దిద్దుబాట్లే ఎక్కువున్నయి.

అందుకే ఒకటి అడుగుతున్న. వారానికి ఒక్కనాడు జిల్లా పేజీల అరపేజీ ఇయ్యుండ్రి, "ఇది ఇంకా అయిపోలే, తప్పులుంటే చెప్పుండ్రి" అని పైన పెట్టి పచ్చి డ్రాఫ్టులే అచ్చేయుండ్రి. సింగరేణి ఒక్కటే కాదు, వరంగల్ ఆజంజాహి మిల్లు 1934ల పెట్టిర్రు, 2002ల మూతపడ్డది, అండ్ల మగ్గం నడిపినోళ్లు తలో దిక్కు అయిపోయిర్రు, ఎవరన్న వాళ్ల గురించి నాలుగు పేజీలు రాసి బీరువల దాసుకుంటే దిద్దేటోళ్లు ఎక్కడ దొరుకుతరు? పీహెచ్‌డీ పిల్లలు వస్తరు, ఫోన్‌ల రికార్డ్ చేసుకొని పోతరు, ఏడేండ్లకు ఇంగ్లీషుల పుస్తకం వస్తది, చెప్పినాయన అప్పటికి ఉండడు, ఉన్నా చదవలేడు. వాళ్లను తప్పు పడుతలేను, వాళ్ల గైడ్లు పూర్తి కానిది బయట పెట్టొద్దంటరట. నోయిడాల మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పేరు మీదున్న కార్మిక సంస్థల లేబర్ ఆర్కైవ్, అంటే కార్మికుల పాత కాగితాలు దాసిపెట్టేది, ఉన్నది, మంచిదే, ఆ గిరి గారు కూడా రైల్వే యూనియన్ల నుంచి వచ్చినాయనే, కానీ మా హోటల్ అవ్వ నోయిడా పోయి దిద్దుతదా?

సింగరేణిల 1990ల మొదట్ల లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటిటు. పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిల డంపర్ నడిపే మా మేనల్లుడికి చెమ్మస్ అంటే ఏందో నేను బొమ్మ గీసి చూపియ్యాల్సి వచ్చింది.

నా 14 పేజీలు ఈ లెటర్‌తో పెట్టిన, పెన్ను గీతలతోనే. వేస్తే ఆ గీతలు తీసెయ్యకుండ్రి.

ఇట్లు,
ఒక కోల్ ఫిల్లర్ కొడుకు, గోదావరిఖని