ఆ తాళంచెవి సంగతే ముందు రాయి

బోస్టన్,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

పోయిన వారం ఫోన్లో మాటల మధ్య నువ్వు అనేసి వదిలేసిన సంగతి నన్ను సరిగ్గా నిద్రపోనివ్వడం లేదు. పొద్దున ఎనిమిదింటికి బ్రాడీపేటలో బయల్దేరితే సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్లు ముట్టవని, ఈ ఏడాదిలో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చిందని చెప్పావు. ఎందుకే అంటే నవ్వేశావు. మీ కాలేజీ బ్లాకులో ఆడవాళ్ల బాత్రూంకి తాళం వేసి ఉంటుంది. తాళంచెవికి జానెడు చెక్కముక్క కట్టి, ఆఫీసులో సూపరింటెండెంట్ గారి కుర్చీ వెనక మేకుకి తగిలిస్తారు. కావాలంటే నలుగురు మగవాళ్ల ముందు చెయ్యి చాపి అడగాలి, మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాలి. మగవాళ్ల బాత్రూంకి తాళమే లేదు. "అలవాటైపోయిందిలే అక్కా" అన్నావు. గుంటూరు ఎండలో గుక్కెడు నీళ్లు లేకుండా నాలుగు క్లాసులు చెప్పడం ఎవరికీ అలవాటు కాకూడదు తల్లీ.

నీకు ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి. మేముండే చోటికి చార్లెస్ నది అవతలి ఒడ్డున ఎంఐటీ అని పేరున్న యూనివర్సిటీ ఉంది. అక్కడ బయాలజీలో నాన్సీ హాప్కిన్స్ అని ఒక ప్రొఫెసర్. చేపల మీద పరిశోధనకి తొట్లు పెట్టుకోవాలి, ఇంకో 200 చదరపు అడుగుల చోటు ఇమ్మని అడిగింది. ఇవ్వలేదు. నువ్వు అడిగేది ఎక్కువ అన్నట్టు మాట్లాడారు. ఆవిడ ఒక టేపు తీసుకుని ల్యాబులన్నీ తనే కొలిచింది. తన ల్యాబు 1500 చదరపు అడుగులు. సీనియర్ మగ ప్రొఫెసర్లవి 3000 నుంచి 6000. అప్పుడు ఒక ఉత్తరం రాసుకుని, పంపేముందు తోటి ప్రొఫెసరమ్మకి భయంభయంగా చూపించింది. చదివి ఆవిడ, నేనూ సంతకం పెడతానంది. అలా 16 మంది అయ్యారు. ఇది 1994లో. అప్పుడు వాళ్ల సైన్స్ విభాగంలో పర్మనెంట్ మగ ప్రొఫెసర్లు 194 మంది, ఆడవాళ్లు 15 మందే. సంతకాల్లో బయటి విభాగం వాళ్లూ కలిశారు. ఆ పదహారు మందిలో ఎవరికి వాళ్లు, నా ఒక్కదానికే ఇలా జరుగుతోంది కాబోలు, లోపం నాలోనే ఉందేమో అనుకుంటూ ఏళ్లు గడిపారు. 1999లో రిపోర్టు బయటికి వచ్చినప్పుడు వివక్ష నిజమేనని ఎంఐటీ ప్రెసిడెంటే ఒప్పుకున్నారు.

నాకూ ఇలాంటిదే జరిగింది, అమ్మకి చెప్పలేదు. మా ఆడ ఉద్యోగులం నెలకోసారి లంచ్‌కి కూర్చుంటాం. ఒకరోజు ఒక పెద్దావిడ జీతాల మాట తీసింది. నేను బిగుసుకుపోయాను, మనింట్లో జీతం అడగడం తప్పు కదా. ఈ రాష్ట్రంలో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, జీతాల గురించి మాట్లాడుకోవద్దని యజమాని అనడానికి లేదని ఆవిడే చెప్పింది. తీరా చూస్తే నా తర్వాత చేరిన అబ్బాయికి నాకంటే ఎక్కువ ఇస్తున్నారు. ముగ్గురం కలిసి రాసిచ్చాం. ఐదు నెలలు పట్టింది, సరిచేశారు. ఒక్కదాన్నే అయితే నోరు మెదిపేదాన్ని కాదు.

అందుకే నువ్వూ ఆవిడలా అన్నీ కొలిచి, ఒక అర్జీ రాయి. టైంటేబుల్ ఫోటో తీసి, వారానికి ఎవరికి ఎన్ని గంటలో ఒక కాగితం మీద వేసుకో. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు పట్టుచీరల్లో బొకేలు ఇచ్చింది మీరు, ముగ్గులు దగ్గరుండి వేయించింది మీరు. ఫైళ్లు రాసిన కమిటీలో మీ పేరు ఒక్కటీ లేదన్నావు. పేరు పడితే రేపు ప్రమోషన్‌కి పనికొచ్చేది ఆ కమిటీయే. అదీ రాసుకో.

అర్జీ మీద సంతకాలు లెక్చరర్లతో ఆపకు. ఊడ్చే అమ్మాయి చీర మార్చుకోవడానికి మెట్ల కింద నిలబడుతుందని నువ్వే చెప్పావు. ఆమెని, ఆఫీసులో టైపు చేసే ఆవిడని, హాస్టల్ మేట్రన్‌ని అడుగు. వాళ్ల బాధ మీ కంటే ఎక్కువ.

పక్క గదిలో గెస్ట్ ఫ్యాకల్టీ అమ్మాయికి రాత్రి పదకొండు తర్వాత వస్తున్న మెసేజ్‌ల సంగతి వేరు. అది ఈ కాగితంలో కలపొద్దు, ఆమె ఒప్పుకోకుండా ఎవరి దగ్గరా ఎత్తొద్దు. మెసేజ్‌లు చెరిపేయొద్దని మాత్రం ఇవాళే చెప్పు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు ఆడమనిషే, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి సంస్థ నుంచి ఒకరు. కాంట్రాక్టు వాళ్లకీ రోజుకూలీకీ కూడా అది వర్తిస్తుంది. ఫిర్యాదుకి మూడు నెలల గడువు కాబట్టి మరీ ఆలస్యం చేయొద్దు. రెన్యువల్ ఆపేస్తారని ఆమెకి టెన్షన్, నాకు అర్థమవుతుంది. వెళ్లేరోజు నువ్వు పక్కన కూర్చో.

నెలలు నిండుతున్న మీ రీసెర్చ్ స్కాలర్‌కి యూజీసీ నిబంధనల్లో 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉందని చెప్పు. పాపం, పీహెచ్‌డీ మానేద్దామనుకుంటోందట.

"మన ఊళ్లో ఇవన్నీ కుదరవక్కా" అంటావేమో. ఆడపిల్లల చదువు కోసం 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు శారదానికేతనం పెట్టిన ఊరే మనది. అప్పుడు వాళ్లని అన్న మాటలతో పోలిస్తే నిన్ను అనేవి ఎంత?

అర్జీలో తాళంచెవి సంగతే ముందు రాయి. ఎవరూ కాదనలేరు, పైసా ఖర్చు లేదు. రాశాక వాట్సాప్‌లో పెట్టు, చూస్తాను. ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి, ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నీ కాపీ మీద నంబరు, తేదీ, స్టాంపు వేయించుకునే బయటికి రా. ఇవాళ్టి నుంచి మాత్రం బాటిల్ తీసుకెళ్లి నీళ్లు తాగు.

ఉంటాను,
అక్క