మా నన్నారి షర్బత్ రుచి ఎందుకు మారిందంటే

కొన్నాళ్లుగా మా అంగడికి వచ్చేవాళ్లు ఒక గుక్క తాగి "ఏమన్నా, నీళ్లు కలిపినావా?" అంటున్నారు. నీళ్లు కలపలేదు, చక్కెర తగ్గించాం. నాయన కాలం నుంచి కర్నూలులో మా షర్బత్ తాగుతున్న మీకు సంగతంతా చెప్పాలి.

నాయన పెట్టిన కొలత గ్లాసుకు 40 మి.లీ. నన్నారి (సుగంధి) వేరు సిరప్. అందులో చక్కెరే 30 గ్రాములు దాటుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాములు మించొద్దంటోంది. షుగర్ వచ్చిన పాత గిరాకీలు వట్టి సోడా తాగి వెళ్తుంటే నాకు మనసు ఒప్పలేదు. నాయన కొలతను మార్చాలన్నా చెయ్యి రాలేదు. దీని మీద ఇంట్లో ఎంత గొడవ పడ్డామో!

చివరికి, ఏళ్లుగా మా అంగడికి సిరప్ చేసి తెచ్చి పోసేవాడినే చక్కెర తగ్గించి వేరు ఎక్కువ వేయమన్నా. సరేనన్నాడు. క్యాన్ మూత తీస్తే వేరు వాసన లేదు, ఎసెన్సు ఘాటు గుప్పుమంది. నాలుక మీద వేసుకుంటే ముందు తీపి, గుటక పడ్డాక చేదు. గట్టిగా అడిగితే శాకరిన్ (చక్కెర బదులు వేసే తీపి మందు) కలిపానన్నాడు. "తగ్గించమన్నది నువ్వే కదా" అని ఎదురు నన్నే అన్నాడు! పిల్లలు తాగే గ్లాసులో, నాకు మాట కూడా చెప్పకుండా. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి మందులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. ఆ సరుకంతా పారబోయించా. పోయిన డబ్బు కన్నా మా పేరు మీద అది అమ్ముడుపోయేదే అన్న బాధ ఎక్కువ.

ఇప్పుడు వేర్లు మేమే కొంటున్నాం. కడిగి, దంచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున మరిగించి వడకడతాం. చక్కెర లేని కషాయం నిలవ ఉండదు, అందుకే ఏ రోజుది ఆ రోజే. చక్కెర పాకం వేరే సీసాలో ఉంటుంది. మామూలు గ్లాసుకు 15 మి.లీ. పాకం, మిగతా రుచంతా కషాయం, నిమ్మకాయ, సబ్జాలదే. అసలు వద్దంటే పాకం వేయం. ఎక్కువ కావాలంటే అడగండి, వేస్తాం. బెల్లం వేయమనేవాళ్లకు ఒక మాట: అదీ చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లకు తేడా ఏమీ ఉండదు.

చక్కెర తగ్గింది కదా, రేటు తగ్గించమంటున్నారు. తగ్గించలేను. చక్కెర కన్నా వేరు ఖరీదు, పని రెట్టింపు.

ఆ సిరప్ మనిషి మళ్లీ ఫోన్ చేస్తున్నాడు, సగం ధరకిస్తాడంట. ఊరికే ఇచ్చినా అతని క్యాన్ మా గడప తొక్కదు.